వైజాగ్‌లో మంగుకి లేజర్ ప్యాకేజీ కట్టమంటున్నారు, కట్టనా వద్దా?

గాజువాక_అమ్మ:

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండోవాడు కడుపులో ఉన్నప్పుడు రెండు బుగ్గల మీదా పై పెదవి మీదా మంగు వచ్చింది. కాన్పయ్యాక అదే పోతుందన్నారు, పోలేదు. పోయినేడు మా వీధి చివర మందుల షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చి రోజూ రాత్రి రాసుకోమన్నారు. రెండు వారాల్లో ముఖం ఎంత తేటగా అయిందంటే, మా అత్తగారే ఏం రాస్తున్నావమ్మా అని అడిగారు. అప్పటినుంచి ఎనిమిది నెలలుగా అదే రాస్తున్నాను.

ఇప్పుడు ఒక్క రాత్రి మానేస్తే చాలు, తెల్లారేసరికి ముఖమంతా ఎర్రబడి ఒకటే మంట. గ్యాస్ పొయ్యి ముందు నిలబడి నాలుగు చపాతీలు కాల్చలేకపోతున్నాను. గడ్డం పక్కన నూగు వెంట్రుకలు ఎక్కువయ్యాయి, పెళ్లికి ముందు కూడా ఎప్పుడూ రాని మొటిమలు ఇప్పుడు వస్తున్నాయి. మంగు మాత్రం తిరిగి వచ్చింది, ఇదివరకటికంటే నల్లగా.

మాఘంలో మా తమ్ముడి పెళ్లి. ఇంకా మూడు నెలలుంది కదా అని పోయిన వారం ద్వారకానగర్ వైపు ఒక క్లినిక్‌కి వెళ్లాను. డాక్టర్ ఎవరూ కనిపించలేదు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ముఖం మీద లైటు వేసి చూసి, ఆరు సిట్టింగ్‌లు లేజర్ టోనింగ్, దాంతోపాటు తెల్లబడటానికని నరంలోకి ఎక్కించే గ్లూటాథయోన్ డ్రిప్‌లు పది పడతాయంది. మొత్తం 62 వేలు, ఈరోజే కడితే 45కి ఇస్తామంది, ఈఎంఐ కూడా ఉందంది. నేను వాడుతున్న క్రీమ్ ఏంటని ఒక్కమాట అడగలేదు. అదే నాకు టెన్షన్‌గా ఉంది. కట్టకుండా వచ్చేశాను కానీ రోజూ ఫోన్ చేస్తున్నారు.

నాకు తెల్లబడాలని లేదండి. నా ముఖం నాకు తిరిగొస్తే చాలు, పదేళ్ల తర్వాత కూడా చర్మం గట్టిగా ఉండాలి. ఎవరైనా చేయించుకున్నవాళ్లుంటే నిజం చెప్పండి.

ఉప్పుగాలి:

కట్టకండి అక్కా. ముందు ఆ మాట చెప్పి తర్వాత నా సంగతి చెబుతాను.

మీరు రాసింది చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నేనే కనిపించాను. నాది కూడా ఇదే కథ, కాకపోతే నాకు ట్యూబ్ ఇచ్చింది మా పిన్ని. ఏడాదిన్నర రాశాను. చివరికి ముక్కు పక్కన సన్నటి ఎర్రటి నరాలు దారాల్లా కనిపించడం మొదలైంది, ఎండలోకి వెళ్తే ముఖం మీద కారం చల్లినట్టుండేది. ఆ పరిస్థితిలో ఒక చోట పీలింగ్, అంటే యాసిడ్ రాసి పైపొర ఊడదీయడం, చేయించుకున్నాను. చేసినవాళ్లూ నేను ఏం వాడుతున్నానో అడగలేదు, నాకూ చెప్పాలని తెలియదు. రెండో సిట్టింగ్‌కే బుగ్గ మీద చర్మం కాలి రూపాయి బిళ్లంత నల్లమచ్చ పడింది. అది తగ్గడానికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో నేను వెళ్లిన ఏ ఫంక్షన్ ఫోటోలోనూ నా ముఖం నేరుగా ఉండదు, పక్కకి తిప్పుకునే ఉంటాను.

తర్వాత మన ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో స్కిన్ ఓపీకి వెళ్లాను. పొద్దున్నే వెళ్లి లైన్‌లో నిలబడాలి, జనం ఎక్కువ, కానీ చూసిన డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్నే ఇప్పటిదాకా ముఖానికి ఏమేం రాశారమ్మా అని. ట్యూబ్ తీసుకెళ్లి చూపించాను. ఏ లేజరూ ఏ పీలింగూ వద్దు, ముందు ఇది మాన్పించాలి అన్నారు. మానేటప్పుడు మొదటి నెల నరకంలా ఉంటుంది, అది మీకు ముందే తెలియాలి. ముఖం ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, చీము మొటిమలు వస్తాయి, మళ్లీ ఆ ట్యూబ్ రాసేద్దామనిపిస్తుంది. నేను రెండుసార్లు రాసేశాను కూడా, అందుకే ఇంకా ఆలస్యమైంది. డాక్టర్ చెప్పిన పద్ధతిలో, ఆయన ఇచ్చిన మందులతో ఆపితేనే తట్టుకోగలిగాను.

మీ ట్యూబ్ మీద ఏం రాసి ఉందో ఇక్కడ పెట్టండి. కంపెనీ పేరు వద్దు, లోపల ఏ మందులున్నాయో రాయండి చాలు.

గాజువాక_అమ్మ:

చాలా థాంక్స్ చెల్లీ, నీ బుగ్గ సంగతి చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యూబ్ మీద హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ అని ఉంది.

కంచరపాలెం_ఫార్మసీ:

అమ్మా, నేను పద్దెనిమిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మీరు చెప్పిన మూడింటిలో మొమెటసోన్ అనేది స్టెరాయిడ్. ఈ మూడు కలిసిన క్రీమ్ మంగుకి డాక్టర్లే రాస్తారు, అందులో తప్పేం లేదు, కానీ కొన్ని వారాలకి రాసి, మళ్లీ చూసి ఆపిస్తారు. షాపులో అడిగి కొనుక్కుని నెలల తరబడి ఫేస్ క్రీమ్‌లా రాసుకునేది కాదు. ట్యూబ్ మీద ఆర్‌ఎక్స్ అనే గుర్తు ఉంటుంది చూడండి, పక్కనే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని హెచ్చరిక కూడా ఉంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి, అంటే చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చింది. అప్పటిదాకా పైపూత అన్న పేరుతో వాటికి వెసులుబాటు ఉండేది. చీటీ లేకుండా అమ్మకూడదని అప్పటినుంచి స్పష్టంగా ఉంది, అయినా అమ్ముతున్నారు. ఇది మా వృత్తిలో ఉన్నవాళ్ల తప్పు, దాచాల్సిన పని లేదు. చీటీ లేదని నేను వెనక్కి పంపిన మనిషి పక్క షాపులో కొనుక్కుని నా ముందునుంచే వెళ్తుంటే బాధగా ఉంటుంది.

బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్. ఈ నాలుగు పేర్లూ ఇంట్లో ఆడవాళ్లకి, కాలేజీ పిల్లలకి నేర్పించండి. తామరకి వాడే కొన్ని ట్యూబుల్లో కూడా క్లోబెటసాల్ కలిపి ఉంటుంది, అది ముఖానికి రాసుకున్న పిల్లల్ని చూశాను.

ఇంకొకటి. ఏ మందులున్నాయో రాయని క్రీములు ఇంకా ప్రమాదం. ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చారనో, ఇన్‌స్టాలో ఆర్డర్ పెట్టామనో చెప్పే డబ్బాలు. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి తెల్లబరిచే క్రీములు రాసుకున్నవాళ్లలో కొందరికి కిడ్నీ జబ్బు బయటపడింది, ఆ క్రీముల్లో పాదరసం ఉందని తేలింది. దిగుమతి చేసిన కాస్మెటిక్ అయితే దాని మీద దిగుమతిదారు పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి. అవి లేని డబ్బా ఎంత దగ్గరవాళ్లు ఇచ్చినా చెత్తబుట్టలో వేయండి.

స్కిన్_పీజీ:

డెర్మటాలజీ చదువుతున్నాను. మిమ్మల్ని చూడకుండా ఇదే జబ్బు అని నిర్ధారించి చెప్పకూడదు, కానీ మీరు రాసిన లక్షణాలన్నీ స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖానికి సరిపోతున్నాయి. మాకు ఓపీలో ఇవి లేని రోజు ఉండదు. స్టెరాయిడ్ రాయగానే చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే మొదట్లో ముఖం తేటగా, తెల్లగా అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. రాయడం ఆపగానే ఆ నాళాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి, మీకు తెల్లవారుజామున వచ్చే ఎరుపూ మంటా అదే. ఇలా ఉన్న చర్మం మీద లేజర్ పెట్టడమంటే పుండు మీద సెగ పెట్టినట్టు. ఇప్పుడు మీకు కావలసింది లేజర్ కాదు, డాక్టర్ పర్యవేక్షణలో ఆ క్రీమ్ ఆపడం, సబ్బు మానేసి మైల్డ్ క్లెన్సర్, ఒక మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. చర్మం కుదుటపడటానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. పెళ్లి ఫోటోల కోసం తొందరపడకండి.

ఇక మంగు గురించి. ఇది కడిగితే పోయే మరక కాదండి, బీపీ షుగర్లలా అదుపులో పెట్టుకోవలసిన విషయం. రంగు తయారుచేసే కణాలు ఎండకి, హార్మోన్లకి, వేడికి అతిగా స్పందిస్తున్నాయని అర్థం. లేజర్ ఉన్న రంగును ముక్కలు చేస్తుంది కానీ ఆ కణాల స్వభావం మార్చదు, అందుకే కొన్నాళ్లకి తిరిగి వస్తుంది. పైగా చర్మాన్ని రకాలుగా విభజించే ఫిట్జ్‌ప్యాట్రిక్ పద్ధతిలో మనవాళ్లలో చాలామంది నాలుగో, ఐదో రకంలోకి వస్తారు. ఈ రకం చర్మానికి వేడి తగిలినా, ఒరుసుకున్నా, కాలినా నల్లమచ్చ పడే గుణం ఎక్కువ. టోనింగ్ పదే పదే చేయించుకున్న కొందరికి ముఖం మీద ముగ్గుపిండి చుక్కల్లా తెల్లమచ్చలు కూడా వస్తాయి, వాటిని సరిచేయడం మంగుకంటే కష్టం. లేజర్లన్నీ చెడ్డవని అనడం లేదు. పచ్చబొట్టు తీయడానికి, కొన్ని పుట్టుమచ్చలకి, అవాంఛిత రోమాలకి మంచి సాధనం. మంగులో మాత్రం అది చిట్టచివరి ప్రయత్నం, మొదటిది కాదు.

మొదటిది ఎండ నుంచి కాపాడుకోవడం. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. ఎస్‌పీఎఫ్ 30 చర్మం కమిలిపోయేలా చేసే కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. అంటే నంబరు పెంచుకుంటూ పోవడంకంటే సరిపడా రాయడం ముఖ్యం. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది, మనం రాసేది సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. డబ్బా మీద పీఏ పక్కన ప్లస్ గుర్తులు మూడైనా ఉండాలి, అది కిటికీ అద్దంలోంచి కూడా లోపలికి వచ్చే యూవీఏ కిరణాలకి సంబంధించింది. మంగు ఉన్నవాళ్లు కాస్త రంగు ఉన్న టింటెడ్ సన్‌స్క్రీన్ తీసుకుంటే ఇంకా మేలు, అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురును కూడా అడ్డుకుంటుంది, ఆ వెలుతురు కూడా మంగును పెంచుతుంది. మన ఊళ్లో ఉక్కపోతకి పొద్దున రాసింది పదింటికల్లా చెమటతో కారిపోతుంది. బయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. గొడుగు, చున్నీ, టోపీ ఏది వీలైతే అది. అవి రోజంతా పనిచేస్తాయి, ఖర్చు లేదు.

చర్మం కుదుటపడ్డాక మందులున్నాయి. అజెలాయిక్ యాసిడ్ నెమ్మదిగా పనిచేస్తుంది, గర్భంతో ఉన్నప్పుడు కూడా వాడదగినది. ట్రెటినాయిన్ మంచిదే కానీ పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు వద్దు. హైడ్రోక్వినోన్ కొన్ని నెలలు వాడి ఆపాలి, ఏళ్ల తరబడి రాస్తే ఓక్రోనోసిస్ అని నీలంగా నల్లబడే మొండి మచ్చ వస్తుంది. ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు కొందరికి బాగా పనిచేస్తాయి, కానీ రక్తం గడ్డకట్టే సమస్య ఎప్పుడైనా ఉన్నవాళ్లకి ఇవ్వరు, మీరు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆ మాత్రల వల్ల కూడా మంగు పెరగొచ్చు. పీలింగ్ అయితే గ్లైకాలిక్, లాక్టిక్, మాండెలిక్ లాంటి తేలికవి తక్కువ గాఢతతో మొదలుపెట్టి, చర్మాన్ని ముందు సిద్ధం చేసి చేస్తారు. ఆన్‌లైన్‌లో సీసాలో అమ్మే టీసీఏ అనే ఘాటు యాసిడ్ కొని ఇంట్లో రాసుకోకండి, అది కాలుస్తుంది.

గ్లూటాథయోన్ డ్రిప్ విషయంలో నా మాట సూటిగా ఉంటుంది. వద్దు. చర్మం తెల్లబరచడానికి ఏ ఇంజెక్షన్‌కీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు, పైగా ఇలాంటివి వాడొద్దని హెచ్చరించింది. నరంలోకి ఎక్కించే ఏ మందుకైనా అలర్జీ షాక్ వచ్చే అవకాశం ఉంటుంది, అది వచ్చినప్పుడు సంభాళించే డాక్టరూ మందులూ లేని గదిలో చేయి చాపి కూర్చోకండి.

క్లినిక్‌కి వెళ్తే అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగండి. చేసేది ఎవరు, చర్మవైద్యంలో వాళ్ల చదువు ఎండీ డీవీఎల్‌నా, డీఎన్‌బీనా, డిప్లొమానా? రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఆ నంబరు మెడికల్ కౌన్సిల్ జాబితాలో మీరే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మెషీన్ పేరేంటి, నా రంగు చర్మం మీద ఎక్కడైనా చిన్నచోట ముందు టెస్ట్ చేసి చూపిస్తారా, కాలితే ఎవరిని ఎప్పుడు కలవాలి? ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట ముఖం అప్పజెప్పకండి. ఈరోజే కడితే తగ్గింపు అన్నారంటే లేచి వచ్చేయండి, చర్మానికి ఈరోజే చేసి తీరాల్సిన అందం పని ఏదీ ఉండదు.

మధురవాడ_హాస్టల్:

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నందుకు సారీ అండి. నాకు 21, పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉంది, గడ్డం కింద వెంట్రుకలు. రెండ్రోజులకోసారి ట్వీజర్‌తో పీకుతున్నాను, అక్కడంతా నల్లబడిపోయింది. క్లాసులో మాస్క్ పెట్టుకునే కూర్చుంటున్నాను. లేజర్ హెయిర్ రిమూవల్ కూడా వద్దంటారా?

స్కిన్_పీజీ:

సారీ ఎందుకమ్మా. నీకు లేజర్ పనికొస్తుంది, కానీ వరస మార్చకు. ముందు గైనకాలజిస్ట్ దగ్గరో స్కిన్ డాక్టర్ దగ్గరో హార్మోన్ పరీక్షలు చేయించుకో, లోపల హార్మోన్ అదుపులో లేకపోతే పైన తీసినకొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి. లేజర్‌లో మన రంగుకి డయోడ్, లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్ సురక్షితం. ఐపీఎల్ అనేది లేజర్ కాదు, గట్టి వెలుతురు మెరుపులు వేసే మెషీన్, చామనఛాయ చర్మం మీద చేయి తిరగనివాళ్లు వాడితే కాలే ప్రమాదం ఎక్కువ. నెల, నెలన్నర ఎడంతో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగ్‌లు పట్టొచ్చు. పర్మినెంట్‌గా పోతాయని ఎవరైనా అంటే నమ్మకు, బాగా తగ్గుతాయి, పలచబడతాయి, మధ్యమధ్య మళ్లీ చేయించాల్సి రావచ్చు. అరుదుగా కొందరికి ముఖం మీద సన్న నూగు ఎక్కువవుతుంది కూడా. సిట్టింగ్‌కి ముందు కొన్ని వారాలు పీకడం, వ్యాక్సింగ్, థ్రెడింగ్ ఆపెయ్యాలి, కుదుళ్లు లోపల ఉంటేనే లేజర్‌కి పని ఉంటుంది. కావాలంటే షేవ్ చేసుకో. షేవ్ చేస్తే మందంగా వస్తాయన్నది అపోహ. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టకుండా ముఖం మీద లేజర్ మొదలుపెడితే ఆపమని చెప్పు.

ఆ నలుపు పీకడం వల్ల వచ్చింది, పీకడం మానేస్తే నెమ్మదిగా తగ్గుతుంది. క్లాసులో మాస్క్ తీసి కూర్చో అమ్మా, నీలాంటివాళ్లు నీ క్లాసులోనే ఇంకా ఉంటారు.

హార్బర్_శీను:

నేను ఫిషింగ్ హార్బర్‌లో పని చేస్తానండి. మగాళ్లు కూడా ఈ సన్‌స్క్రీన్ రాసుకోవాలా? మా నాన్న ముఖం, చేతులు చూస్తే ఎండకి చెట్టు బెరడులా అయిపోయాయి, ఆయన వయసు 58 మాత్రమే. నాకు అలా కాకూడదని ఉంది. చెమటకి నిలుస్తుందా అది?

ఉప్పుగాలి:

రాసుకోవాలి తమ్ముడూ. నీళ్లకి తట్టుకునే రకం అని డబ్బా మీద రాసి ఉన్నది తీసుకో, అయినా చెమట తుడుచుకున్నప్పుడల్లా పోతుంది కాబట్టి మళ్లీ రాయాలి. నువ్వు చేసే పనికి క్రీమ్ ఒక్కటే చాలదు, అంచు వెడల్పుగా ఉన్న టోపీ, పొడుగు చేతుల కాటన్ చొక్కా, మెడకి తువ్వాలు. సముద్రం నీటి మీద నుంచి కూడా వెలుతురు తిరిగి ముఖానికి కొడుతుంది. నాన్నగారి చర్మం మీద మానని పుండు, పెరుగుతున్న మచ్చ ఏదైనా ఉంటే మాత్రం ఒకసారి డాక్టర్‌కి చూపించు.

గాజువాక_అమ్మ:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. ఆ 45 వేలు కట్టలేదు. క్లినిక్ నంబరు బ్లాక్ చేశాను. మా ఆయన పొద్దున్నే పిల్లల్ని చూసుకుంటానంటే కేజీహెచ్‌కి వెళ్లాను, ట్యూబ్ చూపించాను, మీరందరూ చెప్పిందే చెప్పారు. రెండో వారం ముఖం చూసుకుంటే ఏడుపొచ్చింది, ఉబ్బిపోయి ఎర్రగా. అత్తగారు మళ్లీ ఆ క్రీమే రాయొచ్చు కదే అన్నారు. ఉప్పుగాలి చెల్లి రాసింది ఆవిడకి చదివి వినిపించాను. తర్వాత ఏమీ అనలేదు, పైగా మధ్యాహ్నం వంట తనే చేస్తున్నారు నన్ను పొయ్యి దగ్గరకి రానివ్వకుండా.

ఇప్పుడు మంట బాగా తగ్గింది. మొన్న రాత్రి తడిగుడ్డ వేసుకోకుండా పడుకున్నాను. మంగు అలాగే ఉంది, ఉండనీ, దాని సంగతి తర్వాత చూద్దామన్నారు డాక్టర్ గారు. టింటెడ్ సన్‌స్క్రీన్ రాస్తున్నాను, రెండు వేళ్ల లెక్కన. నెలకి ట్యూబున్నర అవుతోంది, పార్లర్ ఖర్చు ముందు అదెంత.

ఒక్క అనుమానం. పెళ్లికొడుకు అక్కని కాబట్టి నలుగు నేనే పెట్టాలి, మా వాళ్లు పసుపు చల్లుకునేటప్పుడు ఎవర్నీ వదలరు, నా ముఖానికీ పూస్తారు. శనగపిండి నలుగు ఈ ముఖానికి తగలొచ్చా?

స్కిన్_పీజీ:

మీ తమ్ముడికి ఎంత కావాలంటే అంత రుద్దండి. మీ ముఖానికి మాత్రం నలుగుపిండి వద్దు, ఆ రాపిడి ఇప్పుడు పడదు. చేతులకీ కాళ్లకీ పసుపు పూయించుకోండి, బుగ్గకి ఎవరైనా అంటిస్తే వెంటనే చన్నీళ్లతో కడిగేసి మాయిశ్చరైజర్ రాయండి. పొద్దున పూట ముహూర్తమైతే మేకప్ కింద సన్‌స్క్రీన్ మర్చిపోకండి. మేకప్ వేసే ఆవిడకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, ముందురోజు బ్లీచ్, ఫేషియల్ ఏదీ వద్దని.

గాజువాక_అమ్మ:

బ్లీచ్ బుక్ చేసే ఉంది డాక్టర్ గారూ. ఇప్పుడే క్యాన్సిల్ చేస్తున్నాను.